మేరిమ్ నాన్న నిద్ర లేచే వేళ

బయట పెరట్లో నూనె కాగుతోంది. ఆ వాసన కిటికీ సందుల్లోంచి గదిలోకి వచ్చి నిద్రపోతున్న మనిషి మీద వాలుతోంది. దానికి అతను లేవకూడదని పక్కనే కూర్చున్న అతని భార్య బురుల్ అనుకుంటోంది, లేస్తే బాగుండునని కూడా అనుకుంటోంది, రెండు కోరికలూ పక్కపక్కనే కూర్చుని ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు. పోయినవాళ్ళకి వాసనే భోజనం అంటారు ఇక్కడ. అందుకే ఇవాళ నలభయ్యో రోజని తెల్లవారుతూనే తోడికోడలు జిపార్ పెద్ద కడాయి పెట్టి పిండిముక్కలు వేయించడం మొదలుపెట్టింది. వాసన పైకి పోవాలి, మేరిమ్‌కి చేరాలి. మేరిమ్‌కి నూనెలో వేయించింది పడేది కాదు. గుండెల్లో మంట అంటూనే తేనెలో ముంచుకుని నాలుగు తినేది, తిన్నాక తనని తానే తిట్టుకునేది. పందొమ్మిదేళ్ళ పిల్లకి గుండెల్లో మంటేమిటే ముసలమ్మలాగా, అని వాళ్ళ నాన్న నవ్వేవాడు. ఆ నాన్నే ఈ పరుపు మీద గోడవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాడు. కూతురు పోయిందని ఊరందరికీ తెలుసు, నరిన్ దాకా ఉన్న చుట్టాలకి తెలుసు, వాకిట్లో విందు కోసం కొయ్యడానికి తెచ్చిన ఆడగుర్రాన్ని పట్టుకున్నవాళ్ళకి తెలుసు. అతనికి తెలియదు. లేవగానే అడుగుతాడు, మేరిమ్ ఏదీ అని.

అతని పేరు తుర్దుబెక్. ఆ పేరు బురుల్ నోటి వెంట ఎన్నడూ రాలేదు. ఈ లోయలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, అతని పెద్దల పేర్లూ పలకరు. పెళ్ళైన కొత్తలో ‘ఇదిగో’ అనేది. పిల్ల పుట్టాక ‘మేరిమ్ నాన్నా’ అంది, ఇక అదే పేరైపోయింది. ఇప్పుడు టీకి పిలిచినా, మందుకి పిలిచినా, ముందు కూతురి పేరు నాలుక మీదికి రావాలి, దాన్ని దాటితే గాని మొగుడు అందడు. మార్చి చూద్దామని ఓ రోజు ‘ఏమండీ’ అంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో చుట్టాలొచ్చారనుకున్నా, నన్నేనా, ఏమైందే నీకు, అని నవ్వాడు. ఆ నవ్వులో కల్మషం లేదు, అదే భరించలేకపోయింది. నలభై రోజులుగా ఈ ఇంట్లో కల్మషం లేకుండా నవ్వుతున్నది అతనొక్కడే.

జనవరిలో సెలవులు. మేరిమ్ బిష్కెక్ నుంచి వచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉండి, నాన్న దగ్గరికి కొండ మీది చలికాలపు మందకి పోతానంది. అక్కడ చదువుకోవడానికి ప్రశాంతంగా ఉంటుందంది, అబద్ధం, నాన్నతో పేకాట ఆడడానికి. గుడిసె చిన్నది, ఒక ఇనప పొయ్యి, ఒక పొగగొట్టం. గొట్టంలో అడ్డంగా తోసే ఇనప రేకు ఒకటి ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఈ ఇంట్లోనూ ఉంది, బురుల్ కూర్చున్న చోటునుంచి దాని పిడి కనిపిస్తోంది. నిప్పు పూర్తిగా ఆరాక రేకు తోసేస్తే వేడి తెల్లారేదాకా గదిలో నిలుస్తుంది. బొగ్గు ఇంకా లోపల ఎర్రగా ఉండగా తోస్తే పొగ కనిపించదు, వాసన రాదు, మనిషికి నిద్ర వస్తుంది. ఎంత మంచి నిద్ర వస్తుందంటే దగ్గు కూడా రాదు. ప్రతి చలికాలం ఏదో ఒక లోయలో ఎవరో ఒకరు అలా పోతారు, ‘పొగ తగిలింది’ అంటారు, అంతకు మించి అనరు. పక్క మంద కాపరి ఉప్పు కోసం వచ్చి, కుక్క తలుపు గీరుతుంటే చూసి, తలుపు పగలగొట్టాడు. తుర్దుబెక్ గడప దాకా పాకి వచ్చి పడి ఉన్నాడు. మేరిమ్ పొయ్యి పక్కన ఉంది. వెచ్చటి చోటు ఆయన పిల్లకే ఇచ్చి ఉంటాడు, ఎప్పుడూ అంతే, మాంసంలో మంచి ముక్క, బండిలో ముందు సీటు, పొయ్యి పక్క చోటు.

రేకు పూర్తిగా తోసి ఉందని మొదట చెప్పింది పోలీసు కుర్రాడు, ఒకప్పుడు బళ్ళో బురుల్ దగ్గర చదువుకున్నవాడే, తలెత్తకుండా చెప్పాడు. గదిలో అప్పుడు వాళ్ళిద్దరూ, తుర్దుబెక్ పెదనాన్న ఒస్మొన్ ముసలాయనా ఉన్నారు. ముసలాయన తెల్లగడ్డం చేత్తో దువ్వుకున్నాడు. “ఆ మాట ఈ గదిలోనే ఉండాలి,” అన్నాడు. ఉంది. గాలికి తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికి పోతుందేమోనని బురుల్‌కి భయం, పోలేదు, ఇంకా ఇక్కడే ఉంది, ఆ ఇనప పిడికి వేలాడుతూ.

కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె చేతి మీద గిల్లుకుంది. మూడు రాత్రుల నుంచి సరిగ్గా పడుకోలేదు. తను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి గోడ మీద వేలాడే బొమ్మ గుర్తొచ్చింది, మెదడుని నిలువునా కోసి రంగులు వేసిన బొమ్మ, మూలలు చిరిగితే ప్లాస్టిక్ టేపు అంటించింది. పిల్లలూ, మెదడు కూడా పొయ్యి లాంటిదే, పగలంతా మండుతుంది, మండినకొద్దీ బూడిద పేరుకుంటుంది, ఆ బూడిద బరువే మనకొచ్చే నిద్రమత్తు, పడుకుంటే బూడిద ఊడ్చిపోతుంది. ఇదిగో ఈ చిన్న చోటు ఉందే, గుర్రం తల ఉన్న చేపలాగా వంకర తిరిగి, కుడివైపొకటి, ఎడమవైపొకటి, పగలు జరిగినవన్నీ ముందు ఇక్కడికొచ్చి పడతాయి. రాత్రి మీరు పడుకున్నాక ఇది పడుకోదు. పగటి సంగతులు ఒక్కొక్కటే మళ్ళీ తిప్పి చూసుకుని, ఉంచాల్సినవి పైపొరల్లోకి మోసుకుపోయి అక్కడ పాతేస్తుంది. వెనక బెంచీలోంచి ఎవడో, “టీచర్, అయితే మీ పాఠం జరిగేటప్పుడు పడుకుంటే తిన్నగా పైకే పోతుందా?” అన్నాడు, క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. ఆ ఏడు ఆ క్లాసులోనే మేరిమ్ కిటికీ పక్కన కూర్చునేది. బళ్ళో తల్లిని అమ్మా అనకూడదు గనక టీచర్ అంటూ చెయ్యెత్తింది. టీచర్, మరి చెడ్డది జరిగినరోజు పడుకోకుండా ఉంటే, అది లోపల పాతుకోదా? మంచి ప్రశ్న అంది బురుల్. మంచి ప్రశ్న, తర్వాత మాట్లాడుకుందాం, అంది, గంట కొట్టారు. తర్వాత మాట్లాడుకోలేదు. పిల్లని మట్టిలో పెట్టిన రాత్రి ఆ ప్రశ్న వచ్చి దుప్పట్లో దూరింది. బురుల్ తెల్లార్లూ కూర్చుంది, వీపు గోడకి ఆనించకుండా, పడుకుంటే ఆ రోజు నిజమైపోతుందని. మర్నాడు మధ్యాహ్నం అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్ర పట్టేసింది. లేచేసరికి అది పాతుకుని ఉంది.

ఆయనకి పాతుకోలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఫిలిం వెలుతురుకి పట్టి చూపించాడు. ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది, వంకర తిరిగిన రెండు చిన్న చోట్లూ తెల్లగా, కాలి చల్లారినట్టు ఉన్నాయి. గాలి అందకపోతే ముందు పోయేవి అవే. పాతవి ఉంటాయమ్మా, అన్నాడు డాక్టరు, కొత్తవి నిలవవు, మెలకువగా ఉన్నంతసేపు కాసేపు పట్టుకుంటాడు, పడుకుని లేస్తే పోతాయి. ఎప్పటికైనా? కొందరికి కొంచెం కొంచెంగా వస్తుంది, ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. వస్తే ఎంత వస్తుంది, ఏది వస్తుంది, ఆ ప్రశ్న ఆమె అడగలేదు. జవాబు వినడం ఇష్టం లేక అడగలేదు.

తలుపు సగం తెరుచుకుంది. జిపార్ తల లోపలికి పెట్టింది, చెంపల మీద పిండి, మెడలో చెమట.

“అక్కా, ఇంకా లేవలేదా బావ? పెద్దాయన మూడుసార్లు అడిగాడు. నేనేం చెప్పను, బావ నిద్రకి నేనేమన్నా కాపలాదారునా అన్నా.”

“ఆయనతో అలా అన్నావా?”

“మనసులో అన్నాలే. పైకి ‘లేస్తారు మామా’ అన్నా.” గొంతు తగ్గించింది. “నువ్వొక చిన్న ముద్ద తినకూడదూ? నీ మొహం చూస్తే వచ్చినవాళ్ళు ఏ ఇంటి శవం అని అడుగుతారు.” అనేసి నాలిక కరుచుకుంది. బురుల్‌కి నవ్వొచ్చినంత పనైంది. జిపార్ వేడివేడి ముక్క ఒకటి ఆమె ఒళ్ళో పడేసి తలుపు మూసింది. ముక్క గౌను మీద నూనె మరక వేస్తూ చల్లారుతోంది.

ఒస్మొన్ పెద్దాయన లెక్క వేరు. మొన్న వచ్చి, ఇక్కడివాళ్ళు టీలో వేసే ఉప్పు తక్కువైందని గిన్నె పక్కన పెట్టి, అన్నాడు: “చూడు కోడలా, నువ్వు చదువుకున్నదానివి, మెదడులో ఏదో కాలిందంటున్నావు. కాలనీ. నేను చెప్పేది విను. చావు కబురుకి ఒక దారి ఉంది. పదిమంది పెద్దలు రావాలి, అటొకడు ఇటొకడు జబ్బ పట్టుకుని కూర్చోవాలి, ఎక్కడో మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి తేవాలి. మా తాత పోయినప్పుడు మా నాన్నకి అలాగే చెప్పారు. నువ్వేం చేశావు? ఆస్పత్రి గోడవారన నిలబడి, ఒక్కదానివే, పిల్ల పోయిందన్నావు. ఆ మాటకి కూర్చోవడానికి చోటు లేకపోయింది. అందుకే లేచిపోయింది.”

“మామా, ఎవరు చెప్పినా పడుకుని లేస్తే మరిచిపోతారు.”

“నలభయ్యో రోజున మేం చెబుతాం. వాడు నిద్ర లేచాక, మొహం కడుక్కున్నాక. అప్పుడు చూద్దువుగాని.” ఆమె వైపు చూడకుండా అన్నాడు: “వాడు కూతురికి మట్టి వెయ్యలేదమ్మా. నడుముకి గుడ్డ కట్టి, కర్ర పట్టుకుని గుమ్మం ముందు నిలబడి ఏడవలేదు. వచ్చినవాళ్ళకి ఎదురు ఏడవని తండ్రి ఏం తండ్రి? రేపు పైలోకంలో పిల్ల అడిగితే ఏం చెబుతాడు?”

అదీ నిజమే. బురుల్ కాదనలేకపోయింది. మొదటి వారం ఆమె కూడా అందుకే చెప్పింది, లేచినప్పుడల్లా చెప్పింది, దాచడం పాపమనిపించి. లేచినప్పుడల్లా అతను మొదటిసారి విన్నాడు. ఒకే మొహం మళ్ళీ మళ్ళీ విరిగింది, ప్రతిసారీ అదే చోట, ముందు కింది పెదవి. ఒకసారి ఆమె గొంతు పట్టుకున్నాడు, ఎందుకు ఇలాంటి మాటలు అంటున్నావని. ఆ తర్వాత రోజు లేచి, మేరిమ్ ఏదీ అన్నప్పుడు, బురుల్ నోరు తనంతట తానే, బిష్కెక్‌లో ఉంది, పరీక్షలు, అంది. అతను సరే అని టీ తాగాడు. అంత తేలిగ్గా అయిపోయింది. మర్నాడు, పరీక్షలు బాగా రాస్తోందట, అంది. ఆ మర్నాడు కొత్త బూట్లు కొనుక్కుందట, ఎర్రవి, అంది. ఎరుపేమిటి, బురదకి నిలుస్తుందా, అన్నాడు అతను. నేనూ అదే అన్నా, మీ కూతురు వింటేగా, అంది. ఆ బూట్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకే తెలియదు. కానీ వచ్చాయి. మడమ కొంచెం ఎత్తు, పక్కన జిప్పు. అప్పట్నుంచి అతను ఎప్పుడు లేస్తాడా అని ఎదురుచూడడం అలవాటైంది. అతను కళ్ళు తెరిచి మళ్ళీ పడుకునేదాకా ఈ ఇంట్లో మేరిమ్ బతికే ఉంటుంది, మంచు కరిగిన వీధుల్లో ఎర్రబూట్లతో నడుస్తూ ఉంటుంది, ఆ కాసేపూ తనకీ ఊపిరాడుతుంది. దొంగసొమ్ము తిన్నట్టే. అయినా తింది, పూటపూటా తింది. ఇవాళ పెద్దలు వచ్చి ఆ మాటని ఆయనలో కూర్చోబెడితే, నిజంగానే కూర్చుంటే, ఎర్రబూట్ల పిల్ల కూడా పోతుంది. రెండోసారి పోతుంది, దానికి నలభయ్యో రోజు కూడా ఎవరూ చెయ్యరు.

కూర్చోదు, తనకి తెలుసు. కాలిన చోట ఏమీ కూర్చోదు. తెలిసి కూడా భయం పోదు. ఎందుకంటే మెదడుకి ఒక్క తలుపే ఉండదు. అదీ తనే చెప్పింది క్లాసులో. సైకిల్ తొక్కడం మాటల్లో గుర్తుండదు పిల్లలూ, కాళ్ళలో గుర్తుంటుంది, దానికి వేరే చోటు. కుక్క కరిచినవాడు ఎప్పుడు కరిచిందో మరిచిపోయినా ఒళ్ళు మరిచిపోదు. ఆస్పత్రినుంచి వచ్చిన రోజునుంచీ ఆయన పొయ్యి పక్కన కూర్చోడు. ఎంత చలి వేసినా గుమ్మం దగ్గరే. ఎందుకని అడిగితే, ఇక్కడ గాలి బావుంటుంది, అంటాడు. మేరిమ్ గది తలుపు ముందుకొచ్చేసరికి అడుగు మారుతుంది, బురద దాటినట్టు గోడవారగా దాటతాడు, దాటానని ఆయనకే తెలియదు. పోయిన వారం పొయ్యిలో నిప్పు ఆరిపోయాక బురుల్ రేకు తొయ్యబోతే, గది అవతలినుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ అలా నిలబడిపోయారు. “ఏంటి?” అంది. “ఏమో,” అన్నాడు, తన చేతిని తనే చూసుకుంటూ, పరాయివాడి చెయ్యి తన జబ్బకి ఎవరో తగిలించినట్టు. ఆ రాత్రి బురుల్ పడుకోలేదు. లోపల ఏదో నడుస్తోంది, నేల కింద నీరు నడిచినట్టు. పెద్దలు పట్టుకొచ్చే మాట దానికి తగిలితే? పొగ తగిలింది, పిల్ల పోయింది, అంతవరకే చెబుతాం, రేకు మాట ఎత్తం, అన్నాడు పెద్దాయన. కానీ జ్ఞాపకం గొర్రెల మంద లాంటిది, ఒక గొర్రె గేటు దాటితే మిగతావి ఆగవు.

అందుకని ఆమె ఇందాకే తేల్చుకుంది. చెప్పనివ్వదు. ఈ ఇంట్లో కోడలు పెద్దలకి ఎదురు నిలబడ్డది లేదు, ఇవాళ నిలబడుతుంది, గుమ్మంలో అడ్డంగా. ఆయనకి జ్వరం మామా, అంటుంది. ఎవరి విందని మొగుడు అడిగితే, పక్క లోయ ముసలమ్మది, అంటుంది. ఎర్రబూట్లు ఇంకో చలికాలం నిలుస్తాయి.

ఊపిరి మారింది. ఆమె వంగి చూసింది. మూసిన రెప్పల కింద కళ్ళు కదులుతున్నాయి, అటూ ఇటూ, వేగంగా, ఏదో వెతుకుతున్నట్టు. కల. లోపల తిప్పి చూసుకుంటున్నాడు. కాలిపోయిన చోట తిప్పి చూసుకోవడానికేముంది? ఇన్నాళ్ళూ ఆయన నిద్ర చదునుగా ఉండేది, నీళ్ళు లేని చెరువులాగా, రెప్పలు కదలడం ఆమె చూడలేదు. చూడలేదా, చూసి వద్దనుకుందా. బయట వాసన ఇంకా చిక్కబడింది. వాసనకి మెదడులో దగ్గరి దారి ఉంటుంది, మిగతావన్నీ చుట్టూ తిరిగి పోతే అది నేరుగా పోతుంది, అదీ బొమ్మలోనే ఉంది, పసుపు రంగు గీత. గుడిసెకి పంపిన మూటలో తను కట్టింది ఈ పిండిముక్కలే కదా. ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు పొయ్యి మీద వెచ్చబెట్టుకుని తిన్నారేమో. ఒళ్ళో ఉన్న ముక్కని బురుల్ గబగబా గౌను మడతల్లోకి దాచింది, అది దాగే వాసన కాదు. చెంప కింద ఉన్న ఆయన చెయ్యి బయటికి వచ్చింది. గాల్లోకి కొంచెం లేచింది. వేళ్ళు ఏదో సన్నటి పిడిని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి, ముందుకి, ఒక్కసారి, మెల్లగా తోశాయి.

అప్పుడు కళ్ళు తెరిచాడు.

ఆమె అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది. ఆయన అడగలేదు. పైకప్పు చూశాడు. కిటికీ చూశాడు. బయట ఎవరో గుర్రాన్ని అదిలిస్తున్నారు, జిపార్ ఎవరినో ఉప్పు ఎక్కువేశావని తిడుతోంది. ఆయన ఇంకా అడగలేదు. అడగండి, అనుకుంది బురుల్, అడగండి, మేరిమ్ ఏదీ అనండి, ఇన్నాళ్ళూ అడిగారుగా. అలవాటైన పిలుపు తనంతట తానే బయటికి వచ్చింది.

“మేరిమ్ నాన్నా.”

అతను ఉలిక్కిపడ్డాడు. చెంప మీద కొట్టినట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ పిలుపుకి నలభై రోజులూ నవ్వుతూ తిరిగిన తల అది.

పొయ్యి వైపు చూస్తూ, “చలిగా ఉందంది,” అన్నాడు.

ఆ మాట ఎవరూ ఆయనకి చెప్పింది కాదు. ఎవరికీ తెలియదు గనక ఎవరూ చెప్పలేరు. ఆ గుడిసెలో ఆ రాత్రి ఇద్దరే ఉన్నారు.

“నాన్నా చలిగా ఉంది, అంది. బొగ్గు ఇంకా ఉంది. కొంచెమే, ఎర్రగా. సగమే తోద్దామనుకున్నా.” చెయ్యి చూసుకున్నాడు, ఈసారి పరాయిదాన్ని చూసినట్టు కాదు. “నువ్వు పొద్దున్నుంచి ఇక్కడే కూర్చున్నావా?”

“ఆ.”

“ఎన్నాళ్ళయింది?”

ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. లేచి, నీళ్ళకుండ దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. మేకుకి ఉన్న పొడుగాటి గుడ్డ తీసి నడుముకి చుట్టుకున్నాడు, ముడి ఆమె బిగించింది. తలుపు తెరిచేసరికి ఒస్మొన్ పెద్దాయనా, ఇద్దరు ముసలాళ్ళూ గుమ్మంలో ఉన్నారు, మాట మొదలుపెట్టే మొహాలతో. “నాయనా తుర్దుబెక్, పెంచుకున్న డేగ ఎగిరిపోతే వేటగాడు ఆకాశాన్ని తిట్టడు…” అన్నాడు పెద్దాయన, నలభై రోజులు మనసులో దిద్దుకున్న మాట. అతను ఆయన చేతిలోంచి కర్ర తీసుకున్నాడు.

“తెలుసు పెదనాన్నా. జరుగు.”

పెద్దాయన ఆగిపోయి, అతని భుజం మీదుగా బురుల్ వైపు చూశాడు. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి, నీళ్ళ వెనక సంతోషం ఉంది. చూశావా, దారి ప్రకారం వస్తే, అన్నట్టు తలాడించాడు. ఆమె తలాడించలేదు. వీధి మలుపు దగ్గర మొదటి గుర్రాలు కనిపించాయి, వచ్చేవాళ్ళు ఆచారం ప్రకారం దూరం నుంచే గొంతెత్తి, అయ్యో నా తల్లీ, నా చిట్టి తల్లీ అంటూ వస్తున్నారు. గుమ్మం ముందు కర్ర మీదికి వంగి నిలబడ్డ మనిషి వాళ్ళకి ఎదురు గొంతెత్తాడు. బురుల్‌కి తెలిసిన గొంతు కాదు. అందరి ఏడుపుల్లో నా తల్లీ అని ఉంది. ఆయన ఏడుపులో ఒక్క మాటే ఉంది, సగమే, సగమే. వచ్చినవాళ్ళు దాన్ని బతుకు సగమైపోయిందని అర్థం చేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు.

ఆడవాళ్ళు లోపలికొస్తారు, గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెట్టాలి, తనూ పెట్టాలి. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోశాను, ఇవాళ్టినుంచి ఇద్దరం, అనుకోవాలి. అలా అనుకోవడానికి ప్రయత్నించింది. రాత్రి ఆయన పడుకుంటాడు. పడుకున్నాక లోపల మిగిలిందేదో ఈ పగటిని తిప్పి చూసుకుంటుంది, గుర్రాలని, కర్రని, సగం అనే మాటని, ఎక్కడికో మోసుకుపోయి పాతేస్తుంది. లేకపోతే మొదటి వారంలోలాగా అంతా ఊడ్చిపోతుంది, పొద్దున్న లేచి, మేరిమ్ ఏదీ అంటాడు. ఏది? డాక్టరు చెప్పలేనన్నాడు. బొమ్మలో లేదు. జీవితమంతా పిల్లలకి మరిచిపోకండి మరిచిపోకండి అని చెప్పిన మనిషి, ఇప్పుడు గోడకి తల ఆనించి, దేవుడా, ఆయన్ని మరిచిపోనీ, అంది. పైకి అనలేదు, పెదవులే కదిలాయి.

బయట ఏడుపు ఇంకా ఆగలేదు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. బురుల్ గోడవారన ఉన్న దొంతరలోంచి అన్నిటికంటే మందంగా ఉన్న పరుపుని రెండు చేతులా లాగి, పొయ్యికి దూరంగా, గుమ్మం పక్కన పరిచింది. దాని మీద దుప్పటి ముడతలు లేకుండా సరిచేసి, తలగడ రెండుసార్లు కొట్టి మెత్తగా చేసి పెట్టింది.